నష్టములలో మునిగిన సర్కారు విమానము: ఎయిర్ ఇండియా చరిత్రము నేర్పు పాఠము

ఇంటి యజమానుడు చేసిన యప్పు ఇంటిల్లిపాది మీద పడునని ఎరుగనివారు లేరు. దేశము కూడ నొక పెద్ద కుటుంబము వంటిదే. ప్రభుత్వము నడుపు సంస్థ నష్టపడినప్పుడు ఆ నష్టము ఢిల్లీ కచేరీలోని లెక్కల పుస్తకములలోనే నిలిచిపోదు. సబ్బు బిళ్లయు, చెప్పుల జతయు కొని పన్ను చెల్లించు ప్రతి కుటుంబమును దానిలో కొంత భారమును మోయును. విమానమునెన్నడు నెక్కనివాడు కూడ విమాన సంస్థ నష్టములో పాలివాడగుట వింతగా తోచవచ్చును గాని, యిది సత్యము.

ఈ సంవత్సరము మా పై తరగతుల విద్యార్థులకు ప్రభుత్వ రంగమును గూర్చియు, ప్రైవేటు రంగమును గూర్చియు బోధించుచు, ఎయిర్ ఇండియా చరిత్రమును ఉదాహరణముగా తీసికొంటిమి. ఆ పాఠమునే కొంత విస్తరించి, తల్లిదండ్రులకును ఉపయోగించునట్లు ఇచ్చట వ్రాయుచున్నాము. ఈ విషయమున సాధారణముగా రెండు తొందరపాటు తీర్పులు వినబడుచుండును. సర్కారు వారు నడిపినదేదియు బాగుపడదని కొందరందురు. ప్రజల సొత్తును లాభాపేక్ష గలవారి చేతికిచ్చుట ద్రోహమని కొందరందురు. ఈ రెండును చాలవని మా యభిప్రాయము. నిర్ణయము చేయువాడొకడు, దాని ఫలితమును భరించువాడు మఱియొకడు అయినచోట ఏ సంస్థయు నిలువదు. పోటీ యట్టి సంస్థకు రోగమును పుట్టింపదు. దాగియున్న రోగమును బయటపెట్టును. ఈ సంగతియే యీ చరిత్రము వలన మనకు తెలియుచున్నది.

1. పూర్వ చరిత్రము

1932 వ సంవత్సరము అక్టోబరు 15 వ తేదీన జే. ఆర్. డీ. టాటాగారు పస్ మాత్ అను చిన్న విమానమును స్వయముగా నడుపుకొని, కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరిరి. అందలి బరువు ఉత్తరముల మూటలే, ప్రయాణికులు లేరు. బొంబాయి నుండి ఆయన సహచరుడు నెవిల్ విన్సెంటుగారు ఆ యుత్తరములను బళ్లారి మీదుగా మద్రాసునకు చేర్చిరి. మన తెలుగువారికి చిరపరిచితమైన బళ్లారి యీ విధముగా మన దేశపు తొలి విమాన తపాలా మార్గములలో నొక మజిలీ యయ్యెను.

1946 లో ఆ సంస్థ ఎయిర్ ఇండియా అను పేర పబ్లిక్ కంపెనీగా మారెను. 1948 లో విదేశ ప్రయాణముల కొఱకు మఱియొక సంస్థ యేర్పడెను. దానిలో నూటికి 49 వాటాలు ప్రభుత్వమువి. ఆ సంవత్సరము జూన్ 8 వ తేదీన దాని మొదటి విమానము బొంబాయి నుండి కైరో, జెనీవాల మీదుగా లండనునకు బయలుదేరెను.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము సైన్యములు వదలిన డకోటా విమానములు చౌకగా దొరకుటచే, విమాన కంపెనీలు పుట్టగొడుగులవలె మొలిచెను. విమానములు మెండు, ప్రయాణికులు కొద్ది. పెక్కు కంపెనీలు నష్టపడసాగెను. అప్పుడు పార్లమెంటు 1953 లో నొక చట్టము చేసి, ఆ సంవత్సరము ఆగస్టు 1 వ తేదీ నుండి విమాన సర్వీసులను జాతీయము చేసెను. దేశములోపల నడచు ఎనిమిది కంపెనీలు ఇండియన్ ఎయిర్‌లైన్స్ అను నొకే సంస్థలో కలిసెను. వానిలో హైదరాబాదు బేగంపేట కేంద్రముగా నడచిన దక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి. విదేశ సర్వీసులు ఎయిర్ ఇండియా పాలయ్యెను. చదువరులొక సంగతి గమనింపవలెను. హద్దులేని పోటీ చెఱచిన దానిని చక్కబెట్టుటకే ప్రభుత్వము ఆనాడు చేయి వేసెను. కావున జాతీయము చేయుటయే మొదటి తప్పని యనుట న్యాయము గాదు.

జాతీయము చేయుట టాటాగారికిష్టము లేకున్నను, ఆయన ఎయిర్ ఇండియాకు 1978 వరకు అధ్యక్షులుగా నుండిరి. విమానములోని తెరల రంగు మొదలు భోజనపు పళ్లెముల శుభ్రత వరకు స్వయముగా చూచి, లోపములను వ్రాసి పంపుచుండిరి. ఆ కాలమున సంస్థ యజమాని ప్రభుత్వమే. అయినను దానికి లోకమంతట గౌరవముండెను. తరువాత 1990 లో ఇరాకు సైన్యము కువైటును ఆక్రమించినప్పుడు, అచ్చట చిక్కుకొన్న మనవారిని లక్షకు పైగా ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానములే ప్రధానముగా అమ్మాను నగరము నుండి స్వదేశము చేర్చెను. కడప, గోదావరి ప్రాంతముల నుండి కువైటునకు పోయి కష్టించు కుటుంబములు ఆ యుపకారమును మఱువజాలవు. సర్కారు సంస్థను నిందించుటకు ముందు ఈ రెండు సంగతులను జ్ఞాపకముంచుకొనుట మన ధర్మము.

2. పోటీ లేని కాలమును, పోటీ వచ్చిన కాలమును

1953 నుండి నలువది సంవత్సరములు దేశములోపల విమాన ప్రయాణము చేయగోరు వానికి ఇండియన్ ఎయిర్‌లైన్స్ తప్ప వేఱు దిక్కు లేకుండెను. ఊరిలో నొకే యంగడి యున్నప్పుడు వర్తకుడు తూకము సరిచూచుకొనడు. ఆలస్యమైనను, మర్యాద తగ్గినను, ప్రయాణికుడు మఱల అచ్చటికే రావలెను. ఖర్చు పెరిగినచో చార్జీ పెంచిన చాలును. ఇట్టి సుఖములో లోపములు లేకుండుట గాక, లోపములు కనబడకుండుట సంభవించును.

1991 లో మన పి. వి. నరసింహారావుగారు ప్రధానమంత్రియై, ఆర్థిక విధానమును మార్చిరి. వారి ప్రభుత్వ కాలముననే ప్రైవేటు విమానములకు ద్వారములు తెఱవబడెను. 1992 లో ఈస్ట్ వెస్ట్ ఎయిర్‌లైన్స్, 1993 లో జెట్ ఎయిర్‌వేస్ ఎగురసాగెను. 1994 లో 1953 నాటి చట్టము రద్దై, ప్రభుత్వ సంస్థల గుత్తాధికారము తీరిపోయెను. ఇండియన్ ఎయిర్‌లైన్స్ శిక్షణ నిచ్చి పెంచిన పైలట్లు పెక్కుమంది ఎక్కువ జీతమునకు క్రొత్త కంపెనీలలో చేరిరి. 2003 లో కెప్టెన్ గోపీనాథ్‌గారి ఎయిర్ డెక్కన్ చౌక టిక్కెట్టులతో వచ్చెను. 2005 లో స్పైస్‌జెట్, కింగ్‌ఫిషర్, 2006 ఆగస్టులో ఇండిగో వచ్చెను. రైలు తప్ప ఎరుగని గృహస్థులు విమానమెక్కసాగిరి. ఇది ప్రజలకు మేలే. ప్రభుత్వ సంస్థకు మాత్రము పరీక్షాకాలము ప్రాప్తించెను.

3. విమాన వ్యాపారపు లెక్క

మా తరగతిలో నొక బాలుడు, "విమానము నిండియే పోవుచున్నది గదండీ, నష్టమెట్లు వచ్చును?" అని యడిగెను. మంచి ప్రశ్న. దీనికి సమాధానము చిన్న లెక్కలో నున్నది. ఈ క్రింది యంకెలు పాఠము కొఱకు మేము కల్పించుకొన్నవి.

ఒక విమానములో 180 సీట్లున్నవనుకొందము. హైదరాబాదు నుండి ఢిల్లీకి నొకమారు పోవుటకు ఇంధనము, జీతములు, అద్దె, వడ్డీ, విమానాశ్రయపు రుసుములు అన్నియు కలిసి 9,00,000 రూపాయలగుననుకొందము. అనగా సీటుకు 5,000 రూపాయలు. టిక్కెట్టు 6,000 రూపాయలకమ్మినచో 150 మంది యెక్కిన చాలును, ఖర్చు వచ్చును, ఆపైన వచ్చినది లాభము. ఇప్పుడొక క్రొత్త కంపెనీ అదే మార్గమున, అన్ని సీట్లే గల విమానమును 7,20,000 రూపాయల ఖర్చుతో నడుపుచున్నదనుకొందము. దానికి సీటుకు 4,000 రూపాయలే పడును. అది టిక్కెట్టు 4,500 రూపాయలకమ్మును. మన సంస్థయు ప్రయాణికులను పోగొట్టుకొనజాలక 4,500 రూపాయలకే యమ్మవలసి వచ్చును. రెండు విమానములును నిండినవి. రెంటికిని వచ్చిన సొమ్ము 8,10,000 రూపాయలే. క్రొత్త కంపెనీకి 90,000 రూపాయలు లాభము. మన సంస్థకు 90,000 రూపాయలు నష్టము. విమానము నిండుట వేఱు, లాభము వచ్చుట వేఱు అని యిందువలన తెలియును.

ఇక ఖర్చు ఎందువలన తగ్గును? మొదటిది, విమానముల జాతి. ఇండిగో ప్రారంభమున ఒకే జాతి విమానములను, అనగా ఎయిర్‌బస్ 320 లను మాత్రమే నడిపెను. ఎగురుట కారంభింపకముందే, 2005 లో, అట్టివానిని 100 కొనుటకు ఒప్పుకొనెను. ఒకే జాతియైనచో ఏ పైలట్టు ఏ విమానమునైనను నడుపును. విడిభాగములు ఒకే రకము నిలువచేసిన చాలును. పలు జాతులైనచో ప్రతిదానికి వేఱు శిక్షణ, వేఱు సామగ్రి కావలెను. రెండవది, విమానము నేల మీద నిలుచు కాలము. బాడుగ బండికి కట్టిన యెద్దులు బండి కదిలినను కదలకున్నను మేత తినక మానవు. అట్లే విమానపు అద్దెయు, వడ్డీయు, అది ఎగిరినను నిలిచినను పెరుగుచునే యుండును. దినమునకు అద్దె 2,40,000 రూపాయలనుకొన్నచో, నాలుగు మారులెగిరిన మారునకు 60,000. ఆరు మారులెగిరిన 40,000 మాత్రమే పడును. మూడవది, అప్పు మీది వడ్డీ. అప్పు పెరిగిన సంస్థ ఎంత బాగుగ పనిచేసినను, దాని సంపాదనలో మొదటి ముద్ద వడ్డీకే పోవును.

మఱియొక విశేషము గలదు. అమ్ముడుపోని బియ్యమును వర్తకుడు రేపటికి దాచుకొనగలడు. విమానము నేల వదలిన తరువాత ఖాళీ సీటును దాచుకొనుట యసాధ్యము. సాయంకాలమునకు వాడిపోవు ఆకుకూర వంటిది. కావున ధరను ఎప్పుడు తగ్గింపవలెనో, ఎప్పుడు పెంచవలెనో, ఏ మార్గమును మానుకొనవలెనో వెంటనే తేల్చుకొనగల యధికారము సంస్థను నడుపువారి చేతిలో నుండవలెను. ప్రతి దానికి మంత్రిత్వ శాఖ యాజ్ఞకై యెదురుచూచు సంస్థ ఈ పరుగులో వెనుకబడుట వింత గాదు.

4. రెండు పెద్ద నిర్ణయములు

ఇట్టి కాలమున రెండు నిర్ణయములు జరిగెను. మొదటిది విమానముల కొనుగోలు. 2005, 2006 సంవత్సరములలో ఎయిర్ ఇండియా 68 బోయింగు విమానములను, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 43 ఎయిర్‌బస్ విమానములను, మొత్తము 111 కొనుటకు నొప్పుకొనెను. ఎయిర్ ఇండియా 2004 లో కోరినవి 28 మాత్రమే. పాత విమానములను మార్చుట అవసరమే గాని, కొనుగోలునకు వలసిన సొమ్ములో నధిక భాగము అప్పు. అప్పు చేసి పప్పు కూడు అను సామెత యీ సందర్భమున స్మరింపదగినది. ఈ కొనుగోలు విధమును 2011 లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తమ నివేదికలో తీవ్రముగా విమర్శించిరి.

రెండవది విలీనము. 2007 ఆగస్టు 27 వ తేదీన ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ సంస్థలు రెండును నొకే కంపెనీగా చేయబడెను. రెండు కలిసిన బలము పెరుగునని తలచిరి. కాని ఒకదానివి ఎక్కువగా బోయింగులు, రెండవదానివి ఎయిర్‌బస్‌లు. ఒకరి జీతముల పద్ధతి వేఱు, ఒకరి పదోన్నతి పద్ధతి వేఱు. ఉద్యోగులు ముప్పది వేలకు పైగా నుండిరి. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అను వివాదము తీరకముందే విలీనమైనట్లు కాగితముల మీద వ్రాసిరి. 2011 లో పూర్వపు ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన జీతము కోరి పది దినములు సమ్మె చేసిరి. 2012 లో పూర్వపు ఎయిర్ ఇండియా పైలట్లు, క్రొత్త డ్రీమ్‌లైనర్ విమానముల శిక్షణ విషయమై 58 దినములు సమ్మె చేసిరి. ఇద్దరికిని తమ వాదము న్యాయముగనే తోచెను. ఈ చిక్కు విప్పుటకు జస్టిస్ ధర్మాధికారిగారి సంఘమును 2011 లో, అనగా విలీనమైన నాలుగేండ్లకు, నియమించిరి. పెండ్లి చేసిన తరువాత సంబంధము విచారించినట్లయ్యెను.

5. ధనముతో చేసిన చికిత్స

2012 ఏప్రిల్ నెలలో ప్రభుత్వము ఎయిర్ ఇండియాను నిలబెట్టుటకు నొక ప్రణాళిక నంగీకరించి, 2021 వరకు 30,231 కోట్ల రూపాయలు మూలధనముగా నిచ్చుటకు నిర్ణయించెను. విమానములు సకాలమున నడచుట, సీట్లు నిండుట మొదలగు కొన్ని గురులనేర్పరచిరి. కొంత మేలు కలిగెను. కాని పాత యప్పు మీది వడ్డీ వచ్చిన మేలును మ్రింగుచుండెను. గుఱి తప్పినచో లెక్క యొప్పజెప్పవలసినవాడెవడు అను ప్రశ్నకు మాత్రము స్పష్టమైన యుత్తరము లేకుండెను. అధిపతులు కొద్దికాలమున కొకరు మారుచుండిరి. చిల్లి కుండను పూడ్చక నీరు పోసినట్లు, ధనము పోయుట మాత్రము జరిగెను.

అమ్మకమునకు ముందు ఆ సంస్థ దినమునకు ఇంచుమించు 20 కోట్ల రూపాయలు నష్టపడుచున్నదని ప్రభుత్వాధికారులు చెప్పిరి. విద్యార్థులు దీనిని లెక్కవేసి చూడవలెను. గంటకు 83 లక్షలకు పైగా. నిమిషమునకు ఇంచుమించు 1 లక్ష 39 వేలు. 45 నిమిషముల పాఠము ముగియులోపల 62 లక్షల 50 వేల రూపాయలు. ఇంత ధనముతో నెన్ని బడులకు గదులు కట్టవచ్చునో తల్లిదండ్రులే యూహించుకొందురు గాక.

6. ఇతర దేశములవారేమి చేసిరి?

ఈ రోగము మన దేశమునకే పరిమితము గాదు. బ్రిటిషు ఎయిర్‌వేస్ కూడ 1974 లో రెండు ప్రభుత్వ సంస్థలను కలుపుటచే నేర్పడినదే. అదియు 1980 ప్రాంతమున గొప్ప నష్టములలో పడెను. 1981 లో జాన్ కింగ్‌గారు అధ్యక్షులై, లాభము లేని మార్గములను మానిపించి, ఉద్యోగులలో ఇంచుమించు 20,000 మందిని పరిహారమిచ్చి పంపివేసిరి. 1983 లో వచ్చిన కోలిన్ మార్షల్‌గారు మిగిలిన వారికందఱికి ప్రయాణికుల యెడల మెలగవలసిన విధమును నేర్పించిరి. సంస్థ లాభము చూపిన పిమ్మటనే 1987 ఫిబ్రవరిలో ప్రభుత్వము వాటాలనమ్మెను. ముందు చికిత్స, పిదప అమ్మకము.

జపాను ఎయిర్‌లైన్స్, ప్రభుత్వపు వాటాలు 1987 లోనే అమ్ముడుపోయినను, 2010 జనవరిలో దివాలా తీసెను. ప్రభుత్వము ధనసహాయము చేసి, కజువో ఇనామోరిగారిని అధ్యక్షులుగా పిలిచెను. ఆయన జీతము తీసికొనలేదు. ఒక్కొక్క విభాగమువారు తమ రాబడిని, ఖర్చును తామే లెక్కచూచుకొని యుత్తరవాదులగు పద్ధతిని పెట్టిరి. 2012 సెప్టెంబరులో ఆ కంపెనీ వాటాలు మఱల బజారులోనికి వచ్చెను. ఇటలీ దేశపు అలిటాలియా కథ వేఱు. ప్రభుత్వము మాటిమాటికి ధనమిచ్చుటయు, యజమానులు మారుటయు తప్ప మూలము మారలేదు. 2021 అక్టోబరు 14 వ తేదీన దాని కడపటి విమానము దిగెను. రోగమొక్కటే, చికిత్స చేసిన కాలమును బట్టియు, విధమును బట్టియు ఫలితములు మాఱెను.

7. అమ్మకము

2017 జూన్‌లో కేంద్ర మంత్రివర్గము ఎయిర్ ఇండియాను అమ్ముటకు సూత్రప్రాయముగా నంగీకరించెను. అప్పటి పౌర విమానయాన మంత్రి విజయనగరము వారైన అశోక్ గజపతిరాజుగారు. 2018 లో నూటికి 76 వాటాలు అమ్మజూపిరి. 24 వాటాలు ప్రభుత్వమే యుంచుకొనును. 33,392 కోట్ల రూపాయల అప్పులును, బాధ్యతలును కొనువాడు నెత్తిన వేసికొనవలెను. ఒక్కరును ముందుకు రాలేదు. యజమాని యయ్యును పూర్తి స్వాతంత్ర్యము లేని బేరమునకు ఎవరు వత్తురు? 2020 లో నూటికి నూరు వాటాలు అమ్మజూపి, ఎంత యప్పు తీసికొందురో కొనువారే చెప్పునట్లు షరతులు మార్చిరి.

2021 అక్టోబరు 8 వ తేదీన, టాటా సన్స్ వారి కంపెనీయైన టాలేస్ 18,000 కోట్ల రూపాయలకు పాడి గెలిచినట్లు ప్రకటించిరి. ప్రభుత్వము పెట్టిన కనీసపు ధర 12,906 కోట్లు. ఈ 18,000 కోట్లలో 15,300 కోట్లు అప్పు రూపముగా మోయునవి. 2,700 కోట్లు నగదు. 2022 జనవరి 27 వ తేదీన సంస్థ చేతులు మారెను.

2021 ఆగస్టు 31 నాటికి సంస్థ యప్పు మొత్తము 61,562 కోట్లు. టాటావారు తీసికొన్నది పోగా 46,262 కోట్లు ప్రభుత్వమునకే మిగిలెను. అమ్మగల భూములు, భవనముల విలువ 14,718 కోట్లనియెంచి దానిని, నగదు 2,700 కోట్లను తీసివేసినను, 28,844 కోట్లు నిలుచును. దీనిని 140 కోట్ల జనసంఖ్యతో భాగించిన తలకు 206 రూపాయలు. ఐదుగురు గల యింటికి వెయ్యి రూపాయలకు పైబడి వచ్చును. కూలి చేసుకొను వానికిది యొకటి రెండు దినముల కష్టము. విలంబము చేసినందుకు మనమందఱము చెల్లించిన మూల్యమిదియే.

8. ఉద్యోగుల సంగతి, చిన్న యూళ్ల సంగతి

సంస్కరణమనగా నెవరినో తీసివేయుటయే యని తలచువారు కలరు. అమ్మకము నాటికి ఎయిర్ ఇండియాలో 12,085 మంది పనిచేయుచుండిరి. వారిలో 8,084 మంది ఖాయపు ఉద్యోగులు. మొదటి సంవత్సరము ఎవరిని తీసివేయరాదనియు, తరువాత తగ్గింపవలసి వచ్చినచో స్వచ్ఛంద విరమణ పథకము నీయవలెననియు షరతు పెట్టిరి. ఇది మేలైన షరతు. విమానమును తుడిచినవాడును, సామాను మోసినవాడును తప్పుడు కొనుగోళ్లు చేయలేదు. పైవారి నిర్ణయముల భారమును క్రిందివారి వీపున వేయుట న్యాయము గాదు. అయినను పనికి మించి మనుష్యులను శాశ్వతముగా పోషించుటయు, పన్ను చెల్లించు పేదవానికి న్యాయము గాదు. ఈ రెండు న్యాయములను సరితూచుటయే సంస్కర్త పనిలో మిక్కిలి కష్టమైన భాగము. కాలముండగనే ఆరంభించినవాడు మెల్లమెల్లగా, పరిహారముతో, క్రొత్త పని నేర్పించి ఆ పని చేయగలడు. కడపటి క్షణమువఱకు ఆగినవానికి కరుణ చూపుటకు తగిన సొమ్ము మిగులదు.

లాభము లేని చిన్న యూళ్లకు విమానమును ప్రైవేటువారు నడుపుదురా యను ప్రశ్న కూడ న్యాయమైనదే. దీనికి మంచి యుపాయమొకటి కనబడినది. ఉడాన్ పథకము క్రింద 2017 ఏప్రిల్ 27 వ తేదీన సిమ్లా, ఢిల్లీల నడుమను, మన కడప, హైదరాబాదుల నడుమను సర్వీసులు ఆరంభమయ్యెను. ఏ కంపెనీ తక్కువ సహాయము కోరునో దానికి ఆ మార్గమునిత్తురు. కొన్ని సీట్లకు చార్జీ పరిమితము. నష్టమును కొంతకాలము నిధి నుండి పూరింతురు. ఇట్టి మార్గములన్నియు నిలిచెనని కాదు. కొన్ని ఆగిపోయెను కూడ. కాని ప్రజాసేవకు ఎంత ఖర్చగుచున్నదో యందఱికి తెలియునట్లు వేఱుగా వ్రాసి చెల్లించుట, ఒక పెద్ద సంస్థ నష్టములలో దానిని దాచుట కంటె మేలు.

9. ప్రైవేటు చేతిలోనైనను

ఇంతమాత్రమున ప్రైవేటు యాజమాన్యము సర్వరోగ నివారిణి యని విద్యార్థులు తలపరాదు. 1990 ప్రాంతపు క్రొత్త కంపెనీలు పెక్కు కొద్ది సంవత్సరములలో మూతపడెను. కింగ్‌ఫిషర్ 2012 లో, జెట్ ఎయిర్‌వేస్ 2019 లో, గో ఫస్ట్ 2023 లో ఆగిపోయెను. వేలకొలది యుద్యోగులు జీతములు రాక బాధపడిరి. కింగ్‌ఫిషర్‌కు అప్పిచ్చినవి చాలవఱకు ప్రభుత్వ బ్యాంకులే గావున, ఆ నష్టమును కొంత ప్రజల మీదనే పడెను. ఇచ్చటను నిర్ణయించినవాడొకడు, భరించినవాడు వేఱొకడు!

ఎయిర్ ఇండియా కథయు ముగియలేదు. 2023 లో క్రొత్త యజమానులు 470 విమానములు కొందుమని ప్రకటించిరి; 2024 నవంబరు 12 వ తేదీన విస్తారా సంస్థను దానిలో కలిపిరి; సింగపూరు ఎయిర్‌లైన్స్‌కు నూటికి 25.1 వాటాలు చేరెను. అయినను 2024–25 లో కూడ నష్టమే చూపిరి. 2025 జూన్ 12 వ తేదీన అహమ్మదాబాదులో జరిగిన ఘోర ప్రమాదమున విమానమందలి 242 మందిలో నొక్కరే బ్రదికిరి; నేల మీదనున్న వారును పలువురు మరణించిరి. ఖర్చు తగ్గించుట, వేగము పెంచుట అను వాని కంటె ముందుగా ప్రయాణికుని ప్రాణము నిలువవలెను. రక్షణ నియమములను అమలు జరుపు ప్రభుత్వాధికారము, యాజమాన్యమెవరిదైనను, గట్టిగా నుండవలెను. అంగడి నడుపుట మానిన ప్రభుత్వము తూనికలను తనిఖీ చేయుట మానరాదు.

10. సారాంశము

ఈ చరిత్రము వలన మేము గ్రహించినవి నాలుగు మాటలు. మొదటిది: లాభనష్టములకు లెక్క యొప్పజెప్పవలసినవానికే నిర్ణయాధికారము నీయవలెను. రెండవది: రోగము తెలిసిన దినముననే చికిత్స మొదలుపెట్టవలెను; విలంబపు వడ్డీ అప్పు వడ్డీ కంటె నెక్కువ. మూడవది: రెండు బలహీనములను కలుపుట బలము గాదు, మనుష్యులను, జీతములను, పద్ధతులను సరిపుచ్చిన పిదపనే విలీనము. నాలుగవది: సేవ వేఱు, వ్యాపారము వేఱు, రెంటికిని వేఱువేఱు ఖాతాలు వ్రాయవలెను.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు అధికారులగుదురు, కొందరు వర్తకులగుదురు, అందఱును ఓటు వేయు పౌరులగుదురు. ప్రభుత్వ ధనమనగా ఎవరిదియు గాని ధనమని చాలమంది తలంతురు. అది అందఱి ధనము. నేడు తరగతి నిధిలోని పది రూపాయలకు సరియైన లెక్క వ్రాయు బాలుడే రేపు కోట్లకు లెక్క చెప్పగలడు.

అభ్యాసము

1. మూడవ భాగములోని లెక్కలో, మన సంస్థ ఖర్చును 8,10,000 రూపాయలకు తగ్గించినచో ఏమి జరుగును? టిక్కెట్టు 4,500 రూపాయలైనప్పుడు ఎంతమంది యెక్కిన ఖర్చు వచ్చును?

2. 1953 లో జాతీయము చేయుటకును, 1994 లో గుత్తాధికారము తీసివేయుటకును కారణములను పోల్చి వ్రాయుము.

3. 2018 లో ఎవరును కొనుటకు రాకపోవుటకును, 2021 లో వచ్చుటకును గల భేదమేమి?

4. మీ యూరికి వచ్చు బస్సు నష్టముతో నడచుచున్నదనుకొనుము. దానిని నిలుపవలెనా, నడుపవలెనా? నడుపవలెనన్నచో ఆ నష్టమును ఎవరు, ఏ ఖాతాలో భరింపవలెను? ఇంట పెద్దలతో చర్చించి పది పంక్తులలో వ్రాయుము.